ఏడు పచ్చ సంతకాలు

"నాలుగు. నాలుగంటే నాలుగే అక్కా," అన్నాడు బైండర్ కరుప్పయ్య, వేళ్ళకంటిన మైదా బంకను అట్టముక్కకు రాసేస్తూ. "మూడు కాలేజీకి, ఒకటి ఆ పిల్ల దాచుకోవడానికి. థీసిస్ రాసే పిల్లలందరూ అంతే చేయించుకుంటారు. ఇందులో ఇంత గుచ్చి గుచ్చి అడగడానికేముంది?"

"ఏముందో నేను చూసుకుంటా. నువ్వు అడిగినదానికి చెప్పు చాలు," అంది రంగమ్మాళ్.

బుధవారం ఉదయం ఎనిమిదీ నలభై. కోవిల్‌పట్టి బస్టాండు వెనక సందులో ఆ షాపు తలుపు పూర్తిగా తెరవకముందే ఆమె లోపలికి దూరింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. టీ తెప్పిస్తానంటే వద్దంది. పోలీసు శాఖలో ఇరవై రెండేళ్ళు చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా పై అధికారి బల్ల మీద రాజీనామా పడేసి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. ఈ నాలుగేళ్ళూ పెళ్ళికొడుకుల గుణగణాలు ఆరా తీయడంతోనే చాలామటుకు గడిచిపోయాయి. ఇవాళ తెల్లవారగానే తలుపు తట్టిన కేసు మాత్రం అలాంటిది కాదు. తట్టిన దగ్గర్నుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు.

వచ్చింది కృష్ణమ్మాళ్ అనే ఆవిడ. ఎట్టయాపురం పక్క పల్లెలో రెండెకరాల మెట్ట, భర్త లేడు, ఒక్కతే కూతురు. ఆ కూతురు పాండిసెల్వి విరుదునగర్‌లో ఎం.ఎస్.డబ్ల్యూ. రెండో ఏడు చదువుతోంది. నిన్న, మంగళవారం, థీసిస్ ఇవ్వడానికి ఆఖరి రోజు. బైండు చేసిన పుస్తకాలు మూడు సంచిలో పెట్టుకుని ఉదయం ఏడున్నరకి ఇల్లు వదిలింది. ఎనిమిదీ నలభైకి కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కి తల్లికి ఫోన్ చేసింది. పది గంటల తరువాత ఆ ఫోన్ మోగలేదు. పిల్ల ఇంటికి రాలేదు. స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, వాళ్ళ వెతుకులాట వాళ్ళు మొదలుపెట్టినా మనసు ఆగక కృష్ణమ్మాళ్ రంగమ్మాళ్ దగ్గరికీ పరుగెత్తుకొచ్చింది.

"నా బిడ్డను తెచ్చి నా ముందర నిలబెట్టక్కా. నాకు డిగ్రీ వద్దు, ఏమీ వద్దు," అని ఆ ఒక్క మాటే పదిసార్లు అంది.

"పుస్తకాలు ఎప్పుడిచ్చావు?" రంగమ్మాళ్ కరుప్పయ్యను అడిగింది.

"సోమవారం మధ్యాహ్నం. శనివారం కాగితాలు తెచ్చింది. ఆ రోజే కుట్టి, అట్ట అంటించి, ఆదివారమంతా బరువు కింద పెట్టాను. బంక ఆరకుండా నేనెవరికీ ఇవ్వను."

"గైడు సంతకం ఎప్పుడు పెట్టిస్తారు? బైండు అయ్యాకా?"

"ముందే. సర్టిఫికెట్ కాగితాలు నాలుగు విడిగా తెచ్చింది, పచ్చ సిరాతో సంతకాలు. ఒక్కో పుస్తకంలో ఒకటి కలిపి కుట్టాను. అంచున మూడు బెజ్జాలు, మైనం పట్టించిన దారం. నా కుట్టులోంచి కాగితం లాగాలంటే చిరగాల్సిందే, లేదా బెజ్జాలైనా మిగలాల్సిందే."

ఆ మాట రంగమ్మాళ్ ఇంకోసారి చెప్పించుకుంది. అదనంగా సంతకం పెట్టిన కాగితం ఒక్కటైనా మిగిలిందా అని అడిగితే లేదని దేవుడి పటం మీద చెయ్యి వేశాడు కరుప్పయ్య. ఆమె అప్పటికే సందు చివర ఉంది.

*

పదకొండూ పదికి విరుదునగర్‌లో ఆ కాలేజీ సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడుగుపెట్టేసరికి, అక్కడొకాయన కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, మొహాన తీరుబడి. రంగమ్మాళ్‌కి ఒళ్ళు మండింది.

కుమారసామి. ఈ ఊళ్ళోనే డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతాడు. రెండు కేసుల్లో ఆమె చెమటోడ్చి పట్టుకున్న సాక్ష్యాన్ని తన పేర పేపర్లో వేయించుకున్న ఘనుడు.

"రా అక్కా," అన్నాడు తమిళంలో, లేవకుండానే. "నువ్వు బస్సు దిగేలోపు నేను కేసు ముగించేశాను."

"నిన్నెవరు పిలిచారు?"

"మేనేజ్‌మెంట్. పిల్ల కనబడలేదంటే కాలేజీ పేరే కదా పోయేది." బల్ల మీది రిజిస్టరును వేలితో ఆమె వైపు నెట్టాడు. "చూసుకో. మంగళవారం, మధ్యాహ్నం మూడూ పది. థీసిస్ ప్రతులు మూడు ముట్టాయి. ఇచ్చినవారి సంతకం, పి. పాండిసెల్వి. పది గంటలకి మాయమైన పిల్ల మూడూ పదికి ఇక్కడ సంతకం ఎలా పెట్టింది? పని పూర్తి చేసుకుని ఎవడితోనో వెళ్ళింది. రెండు రోజులాగితే దండలతో ఫోటో పంపిస్తుంది."

"నీకు ఆడపిల్ల కనబడకపోతే తోచేది అదొక్కటేనా?"

"నూటికి తొంభై అదేనక్కా."

రంగమ్మాళ్ అతన్ని వదిలేసి గుమాస్తా కలైవాణి వైపు తిరిగింది. "నువ్వే కదమ్మా తీసుకున్నది? ఇచ్చిన పిల్ల మొహం చూశావా?"

కలైవాణికి కోపం వచ్చింది. "నిన్న ఆఖరి రోజు మేడం. అరవై మంది. ఆ చిన్న కిటికీలోంచి చేతులే కనబడతాయి. నో డ్యూస్ ఉందా, స్వయంగా రాశానన్న ప్రకటన ఉందా, గైడు సర్టిఫికెట్ ఉందా, ప్లేజరిజం రిపోర్టు పది శాతం లోపుందా, ఇవి చూస్తాను. మొహం చూడమని నిబంధనల్లో లేదు."

"ఆ మూడు పుస్తకాలూ ఇలా తే."

మెరూన్ రెక్సిన్ అట్ట, బంగారు రంగు అక్షరాలు. చూడ్డానికి కరుప్పయ్య చెప్పినట్టే ఉన్నాయి. రంగమ్మాళ్ ఒకటి తీసి ముందు వాసన చూసింది. కుమారసామి పక్కుమన్నాడు. ఆమె పట్టించుకోలేదు. అట్ట తెరిస్తే లోపలి కాగితం వేలికి చల్లగా తగిలి, కాస్త లేచి మళ్ళీ అంటుకుంది. బంక ఇంకా తడిగా ఉంది. ఆదివారమంతా బరువు కింద ఆరిన పుస్తకం బుధవారం తడిసి ఉండడమేమిటి? వీపు వైపు చూసింది. కుట్టు లేదు. కాగితాలన్నిటినీ కలిపి జిగురు పూసి అతికించేశారు, అంతే.

తరువాత సర్టిఫికెట్ కాగితం. 'ఈ పరిశోధన నా పర్యవేక్షణలో జరిగినది' అన్న వాక్యం, కింద పచ్చ సిరాతో డాక్టర్ బాలచందర్ సంతకం. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. అంచున ఒక్క బెజ్జం లేదు. మిగతా రెండు పుస్తకాల్లోనూ అంతే. అంటే కరుప్పయ్య కుట్టిన పుస్తకాల్లోంచి పీకి తెచ్చిన కాగితాలు కావివి.

ఇక వెనక్కి తిప్పింది. ఎంత శాతం ఇంకెక్కడినుంచో ఎత్తి రాసిందో లైబ్రరీవాళ్ళు కంప్యూటరుతో తేల్చి ఇచ్చే కాగితమే ప్లేజరిజం రిపోర్టు. దాని మీద తేదీ శుక్రవారం, నాలుగు శాతం, మొత్తం పుటలు నూట పద్దెనిమిది. పుస్తకం చివరి పుట నూట పన్నెండు.

"ఆరు పుటలు ఎక్కడికి పోయాయి?" పైకే అంది.

"సర్దుకుని టైపు చేసి ఉంటుంది," అన్నాడు కుమారసామి. గొంతులో మాత్రం ఇందాకటి తీరుబడి లేదు.

థీసిస్ విషయం ఏళాయిరంపన్నై చుట్టుపక్కల చిన్న బాణాసంచా షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళ భద్రత. మూడో అధ్యాయంలో పన్నెండు మంది ఆడవాళ్ళతో మాట్లాడానని పాండిసెల్వి రాసింది. నాలుగో అధ్యాయంలో వాళ్ళ మాటలు. పేర్లు లేవు, నంబర్లే. రంగమ్మాళ్ వేలితో ఒక్కొక్కటీ దాటుకుంటూ పోయింది. ఎనిమిది, తొమ్మిది, పది. తరువాత పన్నెండు.

పదకొండో నంబరు లేదు.

ఆమె పుస్తకం మూసి అట్ట మూలలు చూసింది, నాలుగూ. మిగతా రెండు పుస్తకాలవీ చూసింది. మెరూన్ రంగు తళతళలాడుతోంది, చుక్క పసుపు లేదు. కృష్ణమ్మాళ్ లాంటి మనిషి కొత్త పుస్తకాన్ని ఉత్తినే గడప దాటనిస్తుందా? అడిగి తేల్చుకోవాలి. ఫోన్ తీసింది.

ఎట్టయాపురం పక్క పల్లెల తెలుగువాళ్ళకి ఒక అలవాటు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అయితే నలుగురి మధ్య గుట్టు మాట్లాడాల్సి వస్తే మాత్రం బజార్లోనైనా తెలుగే. బస్సులో పక్క సీటు మనిషి మీద ఆ మనిషి పక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. రంగమ్మాళ్ కూడా అలా పెరిగిందే. లేచి బయటికి పోవాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

"కృష్ణమ్మా, నేను. బుక్కులకు పసుపు పూసినావా?"

"పూయకుండా అంపిస్తానా అక్కా? సోమవారం సాయంత్రమే నాలుగిటికీ నాలుగు మూలలా పూసి, కుంకం పెట్టి, సామి ముందర పెట్టినాను. పాప వద్దనింది. అట్ట చెడిపోతాదమ్మా, ఆపీసోళ్ళు ఏమన్నా అంటారనింది. ఒకటికి పూసి ఇంకోటికి పూయకుంటే ఎట్లనే అంటిని. ఏమైంది అక్కా? పాప కనబడిందా?"

"ఇంకా లేదు. కనబడతాది. నాలుగో బుక్కు యాడుండాది?"

"ఇంట్లోనే. సజ్జల బానలో పెట్టి పైన గుడ్డ కప్పినాను. పాపే అట్ల పెట్టమనింది."

"తీసి చూడు. మొదట్లో పచ్చ సిరా సంతకం ఉండాదా?"

బాన మూత చప్పుడు, గుడ్డ దులిపిన చప్పుడు. "ఉండాది. కోడి గీరినట్ల ఉండాది, పచ్చగా."

"సరి. మళ్ళీ లోపల పెట్టేయి. తెలీనోళ్ళు ఎవురొచ్చినా తలుపు తీయకు. ఆ బుక్కు ఎవురికీ ఇయ్యకు. రెండు గంటలకల్లా నేను వస్తాను. భయపడకు, వినబడిందా?"

"సరి అక్కా. బువ్వ తిన్నావా?"

ఫోన్ పెట్టేసి చూస్తే కుమారసామి తన ఫోన్ మీద బొటనవేలు ఆడిస్తూ ఆవలిస్తున్నాడు.

"తిట్టావా, దీవించావా అక్కా? మీ భాషలో రెండూ నాకు ఒకేలా వినిపిస్తాయి."

"నీ గురించైతే తిట్టే."

నవ్వి లేచాడు. "టీ తాగొస్తా. నువ్వు వాసనలు చూసుకుంటూ ఉండు."

గోడ గడియారంలో పదకొండూ యాభై. రంగమ్మాళ్ ఆ సమయం చీటీ మీద రాసుకుంది. ఎందుకు రాసుకుందంటే అలవాటు, అంతే.

*

గైడు బాలచందర్ ఇంకో విద్యార్థి వైవాలో ఉన్నాడు. పన్నెండూ నలభై దాకా బయటికి రాడన్నారు. ఆ యాభై నిమిషాలూ రంగమ్మాళ్ వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. తలుపు పక్కన నోటీసు బోర్డు మీద థీసిస్ నియమాలు అంటించి ఉంటే నిలబడి చదవబోయి, సగంలో వదిలేసి మళ్ళీ నడిచింది. మూడు రివ్యూలు, మూడింటికీ గైడు ఆమోదం, స్పైరల్ బైండు ముసాయిదా, సవరణలు, ఆ తరువాతే సర్టిఫికెట్. ఇన్ని మెట్లెక్కి పైకొచ్చిన పిల్లను ఆఖరి మెట్టు మీద ఎవడో లాగేశాడన్న కోపం ఆమెకు నరాల్లో కొట్టుకుంటోంది.

బాలచందర్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆమెను చూడగానే చేతిలోని కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"పాండిసెల్వి సర్టిఫికెట్లు ఎన్నిటి మీద సంతకం పెట్టారు సార్?"

"నాలుగు. విద్యార్థికి నాలుగే. డిపార్ట్‌మెంట్ నియమం."

"ఎప్పుడు?"

"పోయిన శుక్రవారం. రిపోర్టు చూశాక."

రంగమ్మాళ్ మూడు పుస్తకాలూ బల్ల మీద పేర్చింది. "ఇవి మీ సంతకాలేనా? బాగా చూసి చెప్పండి. దొంగ సంతకాలంటే ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేస్తా, వాళ్ళే తేలుస్తారు."

అతను ఒకటే తెరిచాడు. మిగతా రెండూ తెరవలేదు. "నావే," అన్నాడు.

"అయితే వినండి. మీరు నాలుగు పెట్టారు. ఆ నాలుగు కాగితాలూ కోవిల్‌పట్టిలో కరుప్పయ్య నాలుగు పుస్తకాల్లో వేసి కుట్టాడు, కాగితానికి మూడు బెజ్జాలు. అందులో ఒక పుస్తకం ఇప్పుడు ఆ పిల్ల ఇంట్లో సజ్జల బానలో ఉంది, మీ సంతకంతో సహా. మూడు పుస్తకాలు పసుపు మూలలతో ఆ పిల్ల సంచిలో ఉన్నాయి. మరి బెజ్జాలు లేని ఈ మూడు కాగితాలు? నాలుగూ మూడూ ఏడు సార్. ఏడు పచ్చ సంతకాలు. మిగతా మూడూ ఎప్పుడు పెట్టారు?"

బాలచందర్ కుర్చీలో కూలబడ్డాడు. నీళ్ళసీసా అందుకుని తిప్పితే మూత రాలేదు. రంగమ్మాళే తిప్పి ఇచ్చింది.

"నిన్న. పన్నెండూ పావుకి," అన్నాడు. "ఒకాయన వచ్చాడు. మేనేజ్‌మెంట్ మనిషినన్నాడు. నాలుగో అధ్యాయం వల్ల కాలేజీ మీద కేసు పడుతుందట. పిల్ల కూడా ఒప్పుకుని ఆరు పుటలు తీసేసిందట, నా మొహం చూడలేక తన ఐడీ కార్డు ఇచ్చి పంపిందట. కార్డు చూపించాడు. కొత్త సర్టిఫికెట్లు టైపు చేసి తెచ్చాడు. పెట్టేశాను."

"ఆ పిల్లకి ఒక్క ఫోన్ చేసి అడగలేకపోయారా?"

"చేశాను. స్విచ్ ఆఫ్ అని వచ్చింది." తల వంచుకున్నాడు. "నా ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు మేడం. మేనేజ్‌మెంట్ అన్న మాట వినగానే చెయ్యి దానంతటదే రాసేసింది. మూడు రివ్యూల్లోనూ ఆ అధ్యాయం చదివి, ఇంత ధైర్యంగా రాసిన పిల్లను చూడలేదని అందరిముందూ పొగిడింది నేనే. సిగ్గుగా ఉంది."

"సిగ్గు తరువాత పడుదురుగాని. పదకొండో నంబరు ఏం చెప్పింది?"

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "రెండేళ్ళ కింద ఒక షెడ్డు పేలి నలుగురు ఆడవాళ్ళు పోయారు. కేసు ఇంకా నడుస్తోంది. ఆ రోజు ఊళ్ళోనే లేనని ఓనరు కోర్టులో చెప్పాడు. పదకొండో నంబరు ఆమె ఆయన్ని పొద్దున పదీ ఇరవైకి అక్కడే చూసిందట. మందు కలిపే గది వెనక తలుపుకి ఆయనే తాళం వేశాడట, ఆడవాళ్ళు నీడకు పోయి కూర్చుంటున్నారని. పావుగంటకి పేలింది. చనిపోయిన నలుగురూ ఆ తలుపు దగ్గరే దొరికారు."

ఆ తలుపును నలుగురూ ఎంతసేపు కొట్టి ఉంటారో అనుకుంది రంగమ్మాళ్.

"ఆమె పేరు?"

"నాకు తెలియదు. గైడుకి కూడా తెలియకూడదు, అదే నియమం. వేలిముద్రలున్న సమ్మతి పత్రాలు సీలు వేసిన కవర్లో పెట్టి విద్యార్థే ఎక్కడైనా దాచుకోవాలి. వైవా రోజున బయటి ఎగ్జామినర్‌కి సీలు చూపించి మళ్ళీ తీసుకెళ్ళిపోతారు. వైవా ఎల్లుండి."

"వచ్చినవాడు ఆ పేరు మిమ్మల్ని అడిగాడా?"

"నిన్న మూడుసార్లు. ఇవాళ పొద్దున తొమ్మిదికి మళ్ళీ. ఆ పిల్ల నోరు విప్పట్లేదని..." అని ఆగిపోయాడు. తానేం చెప్పాడో అప్పుడు తెలిసింది అతనికి.

అంటే ఇవాళ తొమ్మిదింటికి పాండిసెల్వి బతికే ఉంది. వాళ్ళ చేతుల్లోనే ఉంది, పేరు చెప్పలేదు. చెప్పనంతసేపే ఆమెతో వాళ్ళకి పని. ఆ పదకొండో మనిషి ఎవరో వాళ్ళకి తెలిసిన నిమిషాన పాండిసెల్వి ప్రాణానికి విలువ ఉండదు. రంగమ్మాళ్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది.

"ఎవడు సార్ వాడు?"

"మీకు తెలియదా?" బాలచందర్ తెల్లబోయాడు. "పొద్దున వైవా గదిలోంచి చూశాను, మీతో ఆఫీసులో కూర్చున్నాడే, తెల్ల చొక్కా ఆయన. మీరొస్తే నేనేం చెబుతానో అని కాపలాకి వచ్చాడనుకున్నాను."

*

ఆమె ఆఫీసులోకి పరుగెత్తింది. కుమారసామి కుర్చీ ఖాళీ. టీకని వెళ్ళినాయన తిరిగి రాలేదంది కలైవాణి. మేనేజ్‌మెంట్ ఆఫీసుకి ఇంటర్‌కమ్ కలిపించింది. కుమారసామి అనే మనిషిని మేమెప్పుడూ పెట్టుకోలేదన్నారు. అయితే వాణ్ణి పెట్టుకున్నది ఆ షెడ్డు ఓనరే. ఒకటీ ఇరవై.

బాలచందర్‌కి కాపలా ఉండడానికి వచ్చినవాడు, అతను బయటికి రాకముందే ఎందుకు లేచిపోయాడు? కాపలా కంటే పెద్ద పని దొరికితే తప్ప వెళ్ళడు. పదకొండూ పదికీ పదకొండూ యాభైకీ మధ్య ఆ గదిలో వాడికి కొత్తగా తెలిసిందేముంది? తడి బంక సంగతి వాడికి ముందే తెలుసు. ఆరు పుటల సంగతీ తెలుసు. తీసినవాడే వాడు. ఇక మిగిలింది ఆమె ఫోన్లో మాట్లాడిన మాటలు. నాలుగో పుస్తకం, సజ్జల బాన, రెండు గంటలకల్లా వస్తానన్న మాట.

కానీ అది తెలుగులో కదా.

తిట్టావా దీవించావా అని వాడు అడిగితే తెలుగు రాదనే నమ్మింది రంగమ్మాళ్. ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, అబద్ధమాడేవాళ్ళ మధ్య బతికి, బస్సులో కబుర్లాడే అమ్మలక్కలా వాడి ఎదురుగా కూర్చుని ఇంటి ఆనవాళ్ళన్నీ చెప్పేసింది. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. మెట్లు దిగుతూ, ఆటోకి చెయ్యెత్తుతూ, కృష్ణమ్మాళ్‌కి ఫోన్ కలిపింది. ఎట్టయాపురం దాకా కారులో గంటా పది నిమిషాలు. మోగుతోంది. ఆరుసార్లు మోగింది.

"అక్కా!" కృష్ణమ్మాళ్ గొంతు పొద్దుటి గొంతులా లేదు. తేలికగా ఉంది. "నేనే నీకు పోన్ చేద్దామనుకుంటిని. నువ్వు అంపించినాయన వచ్చి అరగంట ఆయె."

"నేనెవర్నీ అంపించలేదే! తలుపు ఎందుకు తీసినావు?"

"ముందు తీయలేదక్కా. తెలీనోళ్ళకు తీయొద్దని నువ్వు చెప్పినావు కదా. అప్పురం వాకిట్లో నిలబడి మన మాటలో పిలిచినాడు. రంగమ్మక్క అంపించింది, పాప దొరికేటట్ల ఉండాది, బుక్కు చూడల్ల అనినాడు. మనోడే అక్కా! పేరుకు ఏమో తమిళోడి మాదిరి ఉండాడు, మాట మన ఇంటి మాటే. చిన్నప్పుడు ఎట్టయాపురంలో మన వీదిలోనే పెరిగినాడంట."

"కృష్ణమ్మా, నేను చెప్పేది విను. ఆ బుక్కు..."

"ఇచ్చినాను. కూసోని అంతా చదివినాడు. పాప రాసినదాన్ని ఎంత పొగిడినాడో! నాకు ఏడుపే వచ్చేసె. పదకొండో నంబరామె ఎవురక్కా, ఎంత తైరియంగా చెప్పింది అని అడిగినాడు. నేనేనయ్యా అని చెప్పినాను."

ఆటో వచ్చి ఆగింది. రంగమ్మాళ్ ఎక్కలేదు.

"నువ్వా? నువ్వు షెడ్డు పనికి పోయినావా? నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"నువ్వు అడగలేదు కదక్కా. పోయినాను, రెండేండ్లు. పాపే నన్ను కూసోబెట్టి అడిగి రాసుకునింది. బయటోళ్ళ దగ్గర నోరు తెరవొద్దమ్మా అని ఒట్టు వేయించుకునింది. ఈయన బయటోడు కాదు కదా."

నిన్న పది గంటల నుంచీ ఆ పిల్ల ఎన్ని దెబ్బలు తిని నోరు మూసుకుందో, ఎవరి పేరు దాచడానికి మూసుకుందో ఇప్పుడు తెలిసింది రంగమ్మాళ్‌కి. "కృష్ణమ్మా, గట్టిగా మాట్లాడకు," అంది, తన గొంతు తనకే వినబడనంత మెల్లగా. "ఆ మనిషి ఇప్పుడు యాడుండాడు?"

"వాకిట్లోనే. వేపచెట్టు కింద నిలబడి పోన్లో మాట్లాడతా ఉండాడు. నేను కాపీ కలపతా ఉండా."

"వెనక తలుపు తీసుకుని పక్కింటికి పో. ఇప్పుడే. ఏమీ తీసుకోవద్దు, పో."

"ఎందుకక్కా? ఉండు, ఏమో చెప్తుండాడు..." గిన్నె పెట్టిన చప్పుడు, గడప దాకా నడిచిన అడుగుల చప్పుడు. మళ్ళీ మాట్లాడినప్పుడు కృష్ణమ్మాళ్ గొంతులో ఇందాకటి తేలిక పోయింది. "తమిళంలో చెప్తుండాడక్కా. పేరు తెలిసిపోయింది, ఇంక ఆ పిల్లతో పని లేదు, ముగించేయండి అంటుండాడు. ఏ పిల్లక్కా?"